రెండో సాక్షి ఎర్మెలింద

లిస్బన్ మొరారియా పేటలోని మెట్లవీధిలో దోనా ఎర్మెలింద నోటికి జడవని మనిషి లేడు. భర్త పోయాక ఆవిడకు కిటికీయే లోకం. పొద్దున్నే అందులో మోచేతులు ఆనించి, వచ్చేవాణ్నీ పోయేవాణ్నీ ఏదో ఒకటి అనకపోతే కాఫీ గొంతు దిగదు. పై అంతస్తులో ఉండే నెలితో అనేవాడంటే మరీ మంట. కేప్ వెర్ద్ దీవుల నుంచి వచ్చి గోడలకు రంగులేసుకుని బతికే కుర్రాడు. వాడి తడిబట్టలు కారేది సరిగ్గా ఆవిడ దుప్పట్ల మీదే మరి!

ఆ నెలితోయే ఒక సోమవారం వచ్చి ఆవిడ తలుపు తట్టాడు. చేతిలో టోపీ నలుపుతున్నాడు.

"ఏం, ఈసారి బకెట్టే కుమ్మరించడానికొచ్చావా?"

"రేపు నా పర్మిట్ కార్డు రెన్యువల్, దోనా ఎర్మెలిందా. నేనిక్కడే ఉంటున్నానని పేట ఆఫీసు వాళ్లు రాసివ్వాలి. దానికి ఈ పేటలో ఓటున్నవాళ్లు ఇద్దరు సాక్ష్యం చెప్పాలట. కొట్టు అనిబాల్ గారు వస్తానన్నారు. ఇంటి ఓనరేమో ఫోనే ఎత్తడు. కార్డు లేకపోతే మేస్త్రీ నన్ను పనిలోకి రానివ్వడు. ఇంక మా ఊరికి పోవడమే."

"పోతే పో! నా దుప్పట్లన్నా ఆరతాయి" అని ధడాలున తలుపు వేసేసింది.

నెలితో ఉసూరుమంటూ మెట్లు దిగుతుంటే మళ్లీ తలుపు తెరుచుకుంది.

"ఆగరా చచ్చినోడా! ఇంట్లో చెప్పులతో ఆఫీసుకి రమ్మంటావా? బూట్లేసుకోనీ."

ఆఫీసులో క్లర్కు సెలెస్త్‌కి ఆవిణ్ని చూడగానే నీరసం వచ్చేసింది.

"మళ్లీ మీరేనా! పోయిన నెలేగా ఇదే అబ్బాయి మీద కంప్లయింటని నా ప్రాణం తోడేశారు? ఇప్పుడు ఇతని తరఫున సాక్ష్యమా? డబ్బులిచ్చి సాక్షుల్ని తెచ్చుకునేవాళ్లు ఎక్కువైపోయారు దోనా. ఊరికే సంతకం పెట్టించుకోను. ఇతను నిజంగా అక్కడుంటున్నట్టు మీకెలా తెలుసు?"

అనిబాల్ నేల చూపులు చూశాడు. అయిపోయింది, ఈవిణ్ని తెచ్చి నా గొయ్యి నేనే తవ్వుకున్నాను అనుకున్నాడు నెలితో.

"ఎలా తెలుసా!" ఎర్మెలింద కౌంటరు మీద చెయ్యి చరిచింది. "తెల్లారకముందే వీడి బూట్లు నా నెత్తిమీదే టకటకలాడతాయి. ఆదివారం కచూపా వండితే ఆ వాసన నా దిండుకి పడుతుంది. జలుబు వీడికి, జాగారం నాకు! లేనివాడి మీద పనీపాటా లేక కంప్లయింటిచ్చానా అమ్మాయ్? నన్ను పిచ్చిదాన్ననుకున్నావా?"

బెంచీల మీద జనం గొల్లుమన్నారు. సెలెస్త్ నవ్వాపుకోలేక తల వంచుకుని సాక్షుల సంతకాలు తీసుకుంది, ముద్ర గుద్దింది. నెలితో ఆనందం పట్టలేక ఆవిణ్ని అమాంతం ఎత్తేశాడు.

"దింపరా, నడుం విరుగుద్ది!"

ఆ మాట అంటూ ఆవిడా నవ్వింది. ఆవిడ నవ్వగా అనిబాల్ చూడటం అదే మొదలు.

అంతలో వెనక బెంచీ నుంచి ఒక బంగ్లాదేశ్ ఆవిడ బెరుగ్గా లేచింది.

"దోనా, నాక్కూడా రెండో సాక్షి దొరకలేదు. నన్ను గుర్తుపట్టారా?"

"నిన్నా? నా పూలకుండీల్లో ఉల్లిపొట్టు పోసేదానివి, మర్చిపోతానా? రా ఇలా!"

ఆ వెనక ఇంకొకరు లేచారు, ఆ పక్కన మరొకరు. మెట్లవీధిలో ఎర్మెలింద చేత చీవాట్లు తినని పరదేశి లేడు. ఆ రోజు సాక్షి లేక వెనక్కి పోయినవాడూ లేడు.