పాత హార్డ్ డిస్కులో పెళ్లి

మా ఊళ్లో గేముల కోసం కంప్యూటర్ కొనుక్కోవాలని డబ్బు దాచిన ఆడపిల్లని నేనొక్కదాన్నే. ఆ కోరిక పుట్టించింది మావ.

మావంటే అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. వాళ్ల అమ్మానాన్నలు తొందరగా పోవడంతో అమ్మే అతన్ని పెంచింది. మాది శ్రీకాకుళానికి గంట ప్రయాణంలో, సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. నాన్న పడవ మీద వేటకి వెళ్లేవాడు. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లమ్మట చేపలు అమ్మేది. మావ మాత్రం మా ఊరి కుర్రాళ్లు చాలామందిలాగే గుజరాత్ వెళ్లి అక్కడి పెద్ద బోట్ల మీద పనిచేసేవాడు. ఆగస్టులో వెళ్తే మళ్లీ ఎండాకాలంలోనే రావడం.

నేను తొమ్మిదో తరగతిలోకి వచ్చిన జూన్ నెలలో, ఆధార్ పని ఒకటి ఉందని మావ నన్ను శ్రీకాకుళంలో ఒక నెట్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. మా వంతు రావడానికి చాలాసేపు పట్టింది. ఓ మూల కుర్రాళ్లు నలుగురు కార్ల పందెం ఆడుతున్నారు. నేను కాళ్లు లాగేసేదాకా నిలబడి చూశాను. సెంటర్ నడిపే అన్న నవ్వి, "ఆడతావేటమ్మా?" అన్నాడు. నేను మావ మొహం చూశాను. మావ జేబులోంచి అరగంటకి డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు.

నా కారు రోడ్డు మీద కంటే గడ్డిలోనే ఎక్కువ తిరిగింది. అందరికంటే ఆఖరున వచ్చాను. అయినా లేచేటప్పటికి అరచేతులు చెమటతో తడిసిపోయి ఉన్నాయి.

"ఇలాంటిది ఎంతవుద్ది అన్నా?" అని అడిగాను.

"గేములకి మామూలుది సాలదు. గ్రాఫిక్స్ కార్డు వేరేగా ఉండాల. దుకాణంలో కొంటే మనకి అందదు. పార్టులు ఏరుకుని బిగించుకోవాల," అన్నాడు.

పార్టులు ఏరుకోవడమన్న మాట నాకు భలే నచ్చింది. ఇంటికొచ్చి పాత నోటు పుస్తకం వెనకపేజీలో వాటి పేర్లు రాసుకున్నాను. తర్వాత ఏడాదిన్నర అదే నా లోకం. స్కాలర్‌షిప్పులకీ పెన్షన్లకీ ఊరివాళ్ల దరఖాస్తులు నింపిపెట్టేదాన్ని. ఒక్కో దానికి పదో ఇరవయ్యో ఇచ్చేవారు. ఆదివారాలు చిరిగిన వలలు కుట్టేదాన్ని. వెళ్లేటప్పుడు మావ నా చేతిలో ఒక మడతపెట్టిన నోటు పెట్టి, "మీ అప్పకి సెప్పకు, ఏడుస్తాది," అనేవాడు. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్ప నాకంటే రెండేళ్లు పెద్దది, ఇంటర్ చదువుతోంది. మావ దానికీ ఇచ్చేవాడని నాకు తెలుసు.

అప్పకి పద్దెనిమిది నిండగానే మావకిచ్చి చేస్తారని ఇంట్లోనే కాదు, ఊరందరికీ తెలుసు. అది ఎవరూ కూర్చుని నిర్ణయించిన సంగతి కాదు. అప్ప పుట్టినరోజునే మంత్రసాని, "నీ తమ్ముడికి పెల్లాం పుట్టిందే," అందట. అంతే, అప్పట్నుంచీ అది అలాగే ఉండిపోయింది. మావ ఇంటికొస్తే వీధిలో ఆడవాళ్లు అప్పని ఆట పట్టించేవారు. అప్ప పుస్తకం మీద నుంచి తలెత్తేది కాదు. సిగ్గనుకునేదాన్ని.

పదో తరగతి దసరా సెలవుల్లో నా డబ్బు ఓ దారికొచ్చింది. నెట్ సెంటర్ అన్నకి విజయనగరంలో పని ఉందంటే నేనూ అప్పా అతని వెంట వెళ్లాం. అక్కడ ఒక మేడమెట్ల కింద పాత కంప్యూటర్ సామాన్లు అమ్మే కొట్టు ఉంది. ప్రాసెసరు, బోర్డు, ర్యామ్, పాత మానిటరు దొరికాయి. గ్రాఫిక్స్ కార్డు ఎవరో ఏడాది వాడి ఇచ్చేసినది. అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, ఫ్యాన్ ఊది చూసి, పర్వాలేదన్నాడు. చివరికి హార్డ్ డిస్కుకి చాలా తక్కువ మిగిలింది. కొట్టతను డ్రాయర్లోంచి ఒకటి తీశాడు.

"ఫోటో స్టూడియో మూసేసినోల్లది. మంచిదే. లోపల ఆల్ల ఫోటోలుంతాయి, సెరిపేసుకోండి," అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అన్న మా ఇంటికొచ్చి అన్నీ బిగించాడు. వీధిలో పిల్లలంతా గుమ్మం దగ్గర మూగారు. తెర వెలిగినప్పుడు పిల్లల కంటే నేనే గట్టిగా అరిచాను. అన్న ఒక సగంలో విండోస్ ఎక్కించి, "రెండో సగంలో పాత ఫోటోలున్నాయి. అయి తీసేస్తే గేములకి సోటుంతాది," అని చెప్పి బస్సు టైమవుతోందని వెళ్లిపోయాడు.

అమ్మ అప్పుడే చేపలమ్మి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. నేను ఫోటోలు చెరపబోతుంటే వచ్చి వెనక నిలబడింది.

"ఏటవి? పెల్లిల్లా? ఆగే గుంటా, సూడనీ."

ఒక్కో ఫోల్డరూ ఒక్కో పెళ్లి. అమ్మ నేల మీద చతికిలబడి, పెళ్లిళ్లన్నీ వరసగా చూడసాగింది. ఈ చీర బాగుంది, ఆ పందిరి బాగులేదు, ఈ పెళ్లికొడుకు ముసలాడిలా ఉన్నాడు అంటూ ఒకటే నవ్వు. అమ్మ అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. అప్ప గోడకానుకుని చదువుకుంటోంది. ఒక ఫోల్డర్ మీద బొబ్బిలి, గుడి పెళ్లి అని ఇంగ్లీషులో ఉంది. తెరిచాను.

అదో చిన్న పెళ్లి. పది పదిహేను మందికి మించి లేరు. పెళ్లికూతురు పసుపుచీరలో తల వంచుకుని ఉంది. వధూవరుల మధ్య తెల్ల అడ్డుతెర. అవతలి మనిషి కనిపించడం లేదు.

"పిల్ల సక్కగున్నాది," అంది అమ్మ. "కట్టుకునీవోడు అదురుష్టవంతుడు."

అప్ప ఒక్కసారిగా లేచి, "అమ్మా, అన్నం తిందువు రా," అంది.

"ఉండే, ఆ పెల్లికొడుకెవులో సూసి తింతాను."

నేను మీట నొక్కాను. తర్వాతి ఫోటోలో అడ్డుతెర తీసేశారు. పెళ్లికూతురి తల మీద జీలకర్ర బెల్లం పెడుతూ నవ్వుతున్నవాడు మా మావ.

కొన్ని క్షణాలు నాకేమీ అర్థం కాలేదు. మావలాంటి మనిషి ఇంకెవరో అనుకున్నాను. వేలు దానంతటదే మరో మీట నొక్కింది. మావే. కనుబొమ మీద చిన్నప్పుడు పడవ తగిలిన గాటు సహా మావే. తాళి కడుతున్నాడు. తలంబ్రాలు పోస్తున్నాడు. కుర్చీలోంచి వెనక్కి తిరిగి అమ్మని చూడ్డానికి ధైర్యం చాల్లేదు.

చివరికి తల తిప్పాను. అమ్మ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఇందాకటి నవ్వు ఇంకా మొహం మీద అలాగే ఉండిపోయింది, తీసేయడం మరిచిపోయినట్టు.

"ఆడేనేటే?" అని నన్నడిగింది. గొంతు ఎవరిదోలా ఉంది. "సరీగ సూడు. ఆడేనా?"

"మావేనమ్మా."

అమ్మ ఫోన్ తీసి మావకి చేసింది. బోటు సముద్రంలో ఉంటే పది రోజులకి గాని ఫోన్ తగలదు. తగల్లేదు. మళ్లీ చేసింది. మళ్లీ చేసింది. తర్వాత ఫోన్ నేల మీద పెట్టి, "బొబ్బిలిలో ఎక్కడని ఎతుకుతాను?" అంది, ఎవర్నీ అడగనట్టుగా.

"జూట్ మిల్లు ఎనకాల ఈదిలో ఉంతారు," అంది అప్ప.

మావ ఫోటో చూసినప్పటి కంటే ఆ మాటకే నేను ఎక్కువ ఉలిక్కిపడ్డాను. అప్ప గోడకి అంటుకుపోయి నిలబడి ఉంది.

"నీకెలగ తెలుసే?" అంది అమ్మ.

"మావ సెప్పినాడు. నానే సేసీసుకోమన్నాను."

ఆ పైన అప్ప ఆపకుండా చెప్పేసింది. అంతకుముందు ఏడు గుజరాత్ నుంచి వస్తూ మావ విజయనగరం స్టేషన్లో జారిపడి, కాలు విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ సంగతి మావ ఇంటికొచ్చాకే మాకు చెప్పాడు. పక్క మంచం మీద ఆ అమ్మాయి తండ్రి ఉండేవాడట. అది తెలీదు. ఆ అమ్మాయి జూట్ మిల్లులో పని చేసుకుంటూ, సాయంత్రాలు వచ్చి తండ్రికి అన్నం పెడుతూ, ఎవరూ లేని మావకీ ఓ ముద్ద పెట్టేదట. మావ ముందుగా చెప్పుకున్నది అప్పకే.

"నన్నెత్తుకు తిరిగినోడమ్మా. ఆడ్ని మొగుడని ఎలగ అనుకుంతాను? నాకు నర్సు సదవాలని ఉన్నాది. మావ కూడా అదే అన్నాడు, నీకు సీటొచ్చినాక అప్పకి సెప్పుకుందారని. నీకు సెప్పడానికి ఇద్దరికీ బయమేసింది."

మావ కూడా అమ్మని అప్పా అనే పిలుస్తాడు.

అమ్మ కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. గుమ్మంలో మూగిన పిల్లల్ని పొమ్మని తలుపేసింది. నాకైతే అప్ప ఎవరో కొత్త మనిషిలా కనిపించింది. చిన్నప్పట్నుంచీ ఒకే చాప మీద పడుకుంటున్నాం. నా గ్రాఫిక్స్ కార్డు కబుర్లన్నీ ఓపిగ్గా వినేది. తన కబురు ఒక్కటి కూడా నాదాకా రాలేదు.

నాన్న వేట నుంచి వచ్చి సంగతి విన్నాడు. చాలాసేపు బీడీ కాల్చుకున్నాడు. "ఆల్లిద్దర్నీ మనం ఎప్పుడైనా అడిగినామేటి?" అన్నాడు.

తెల్లారి మొదటి బస్సుకే అమ్మ నన్ను తీసుకుని బయల్దేరింది. రాజాం మీదుగా బొబ్బిలి చేరేదాకా కిటికీ వైపే చూస్తూ, ఆ ఇంటివాళ్లని ఏమేం అనాలో పెదాలు కదుపుతూ వచ్చింది. కొన్ని మాటలు నాకు వినిపించాయి కూడా. అమ్మ నోటికి మా ఊళ్లో మగవాళ్లే భయపడేవారు.

జూట్ మిల్లు వెనక వీధిలో అడిగితే ఇల్లు చూపించారు. తలుపు తీసింది ఫోటోలోని అమ్మాయే. ఆరో నెల కడుపుతో ఉంది.

అప్పకీ ఆ సంగతి తెలీదు. నన్నెవరో పైనుంచి కిందికి తోసేసినట్టయింది. అమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆ అమ్మాయి మమ్మల్ని ఒక్క చూపులో పోల్చుకుంది. మావ ఫోన్‌లో మా ఫోటోలు చూసే ఉంటుంది. భయంతో కళ్లు పెద్దవయ్యాయి. అయినా తప్పుకుని దారిచ్చి, "రండి వదినా," అంది.

అమ్మ లోపలికి వెళ్లలేదు. గుమ్మంలోనే నిలబడింది. మంచం మీద నుంచి ముసలి తండ్రి లేవబోతూ లేవలేకపోతున్నాడు. ఆ అమ్మాయి చెంబుతో నీళ్లు తెచ్చింది. అమ్మ అందుకోలేదు.

"మిల్లుకెల్తన్నావా ఇంకా?"

"ఎల్తన్నాను వదినా."

"నిలబడే పనా, కూకునీదా?"

"నిలబడీదే."

అమ్మ వెనక్కి తిరిగి నడిచింది. నేను ఆ చెంబు తీసుకుని రెండు గుక్కలు తాగి, అమ్మ వెనకే పరిగెత్తాను. బస్సులో రాజాం దాటాక అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "నన్ను వదినా అందే," అంది. కోపమో మరేమిటో నాకు ఇప్పటికీ తెలీదు.

పదకొండో రోజున మావ ఫోన్ తగిలింది. అమ్మ, "నీ పెల్లాన్ని మిల్లు మానీమను," అని పెట్టేసింది. ఆ తర్వాత మావ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. సంక్రాంతి వెళ్లాక పాప పుట్టిందని కబురొస్తే తను వెళ్లలేదు. బాలింతకి పాలు పడతాయని ఎండు సొర చేప మూటకట్టి నాన్న చేత పంపింది.

కంప్యూటర్లో నేను చాలా రోజులు గేము పెట్టలేదు. పెట్టాక కూడా అమ్మ ఇంట్లో ఉంటే ఆడేదాన్ని కాదు. ఏడాదిన్నర ఎదురుచూసిన సంతోషం ఏదీ అని నాలో నేనే వెతుక్కునేదాన్ని. స్విచ్ వేసిన ప్రతిసారీ మళ్లీ ఏం బయటపడుతుందోనని భయమేసేది.

మేలో మావ వచ్చాడు. అమ్మ అన్నం పెట్టింది గాని మాట్లాడలేదు. సాయంత్రం మావా నేనూ ఒడ్డున కూర్చున్నాం.

"అప్పకి సెప్పినావు, నాకెందుకు సెప్పలేదు?" అని అడిగాను. ఏడుపొచ్చేసింది.

"నీ మొకంలో ఏదీ దాగదే. నీకు తెలిస్తే మీ అమ్మకి తెలిసినట్టే గదేటి," అన్నాడు. తర్వాత, "నువ్వే బయటెట్టినావు సూడు," అని నవ్వబోయి మానేశాడు.

ఆ ఏడు మావ గుజరాత్ వెళ్లలేదు. మా ఒడ్డున చేపలు కొని బొబ్బిలి తీసుకెళ్లి అమ్మడం మొదలెట్టాడు. అప్పకి నర్సింగ్‌లో సీటొచ్చింది. తను వెళ్లే రోజున అందరం బస్టాండుకి వెళ్లాం. మావ ఇనప పెట్టె బస్సు మీదికెక్కించి తాడు కడుతున్నాడు. అప్పటికీ మావతో మాట కలపని అమ్మ కింద నిలబడి తల పైకెత్తి చూస్తోంది. కండక్టర్ విజిల్ వేశాడు.

"ఒరే," అని అరిచింది అమ్మ. "ఇంకో సుట్టు తిప్పి బిగించు. దార్లో జారిపోద్ది."

మావ చేతులు ఒక క్షణం ఆగిపోయాయి. కిందికి చూడకుండానే, "అలాగే అప్పా," అన్నాడు. ఇంకో చుట్టు తిప్పాడు. దాని మీద మరో చుట్టు కూడా తిప్పాడు. కండక్టర్ దిగమని కేకలేస్తున్నాడు.