అత్త మెడకు కుదరని జాకెట్

పోయిన మంగళవారం పొద్దున మా అత్త కన్నుమూసింది. మా నాన్నకు చెల్లెలు. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో జాకెట్లు కుట్టే అత్త అంటే హాస్టల్ అమ్మాయిల నుంచి ఆఫీసు ఆడవాళ్ల దాకా చాలామందికి తెలుసు.

చేతిలో టేపు ఉన్నా ఆమె నమ్మకం కళ్ల మీదే. వచ్చినవాళ్లను వెనక్కి తిరగమని, జుట్టు పైకెత్తమని, కాసేపు మెడ చూసేది. “మెడ కుదిరిందంటే జాకెట్ కుదిరినట్టే బిడ్డా, మిగిలింది నేను సూస్కుంట” అనేది. కొలతకు పాత జాకెట్ పడేసి పోయేవాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట.

అలాంటి మనిషి కాబట్టే, నిరుడు ఎండాకాలం తన మెడ ముందువైపు వెచ్చగా, బిగుతుగా అనిపిస్తే తప్పు జాకెట్‌దే అనుకుంది. కుట్లు విప్పి మెడ లోతు పెంచింది. తగ్గలేదు. ఇంకో జాకెట్ విప్పింది. నల్లపూసలు కూడా తీసి పక్కన పెట్టింది.

“రోజంతా ఇస్త్రీపెట్టె పక్కన కూసుంటే మెడ కాలదా?” అనేవాడు మామ. పక్క కొట్టామె దిండు మార్చమంది. ఆఫీసు నుంచి వస్తూ రోజూ అత్త దగ్గర ఆగే నేను మాత్రం డాక్టర్ దగ్గరికి పోదామని పోరేదాన్ని.

“జర ఆగు. పెండ్లిళ్ల గిరాకీ ఉంది. గీ మెడ ఇంకింత తీస్తే సరిపోతది, ఫికర్ చెయ్యకు.”

ఆమె జాకెట్ల మెడలన్నీ వెడల్పయ్యాయి, వేడి మాత్రం అక్కడే ఉంది. ముద్ద మింగలేక అన్నం వదిలేశాక గానీ పంజగుట్టలో డాక్టర్ దగ్గరికి రాలేదు. “కండరాలు పట్టేసినా, లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా, థైరాయిడ్ వాచినా ఇలా ఉండొచ్చమ్మా. గడ్డ కూడా చేతికి తగులుతోంది. పరీక్ష చేయకుండా ఏదీ చెప్పలేను” అన్నారాయన.

పరీక్షలో థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది. తొందరగా పెరిగే రకమట. తిరిగి వస్తుంటే ఆటోలో అత్త తన జాకెట్ మెడ అంచు తడిమి చూసుకుంది. “అయితే నా కత్తిరింపు తప్పు గాదన్నట్టు” అంది.

నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఆ కోపం ఇప్పటికీ తీరలేదు. తీర్చుకుందామంటే ఆమె లేదు. ఆఫీసు అయ్యాక ఎటు పోవాలో తెలియక బస్టాపులో నిలబడిపోతున్నాను.

ఆ మంగళవారం మధ్యాహ్నం ఇంటి ముందు ఆడవాళ్లు వరసలుగా కూర్చున్నారు. చాలామంది ఒంటి మీద అత్త కుట్టిన జాకెట్లే. నేను వెనక కూర్చున్నాను. వాళ్లు తలలు వంచుకుని ఏడుస్తుంటే నాకు వాళ్ల మెడలే కనిపించాయి. అంత కిందికి వంగినా ఒక్క జాకెట్ మెడ దగ్గర బిగుసుకోలేదు, ఒక్క కుట్టు లేవలేదు.