గాజులెక్కని చేతులు

నర్సీపట్నం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్ల మొహాలు రాజులమ్మ ఒక్కోసారి మర్చిపోతుంది గానీ, చేతులు మర్చిపోదు. ముప్పై ఏళ్లుగా గాజుల మూట భుజానేసుకుని తిరుగుతోంది. చదువు లేదు. ఎవరిది రెండు నాలుగు సైజు, ఎవరిది రెండు ఆరు, అంతా మనసులోనే. ఇంతవరకూ ఒక్క చెయ్యీ గీరుకోనివ్వలేదని ఆవిడ గొప్ప.

ఆ రోజు మాకవరపాలెం దగ్గర కామమ్మ ఇంట్లో కోడలు చిట్టితల్లికి తొమ్మిదో నెల సీమంతం. సందడంటే సందడి కాదు! చిట్టితల్లితో జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు పదిమంది ఒకే ఆటోలో కుక్కుకుని దిగారు.

"నిన్న సాయంత్రం దాకా కాలితో మిషను తొక్కుతానే ఉంది! పిక్కలు కొయ్యడంలో దీన్ని కొట్టేవోళ్లు నేరు," అంది వాళ్లలో పెద్దది జోగులమ్మ.

"కూకుని సేసే పనే కదా, కడుపుకేటి కష్టం?" అని కామమ్మ మురిసిపోయింది.

రాజులమ్మ చిట్టితల్లి చెయ్యందుకుంది. ఉగాదికి తనే తొడిగిన చెయ్యి, రెండు నాలుగు. ఇప్పుడు ఆ గాజు కణుపుల దగ్గరే ఆగిపోయింది. రెండు ఆరూ ఎక్కలేదు. రెండు ఎనిమిదీ అంతే.

"సూపు మందగించినట్టుంది రాజులమ్మొదినకి!"

"అత్తగారెట్టిన నెయ్యంతా సేతులకే పట్టిందే!"

ఆడవాళ్లు విరగబడి నవ్వారు. రాజులమ్మ నవ్వలేదు. ఆ చేతిమీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. పడిన గుంట పడినట్టే ఉండిపోయింది.

"తల నొప్పెడతందా, తల్లీ?"

"మూడు రోజుల్నించీ, పెద్దమ్మా. పిక్కలు ఉడికే ఆవిరికేమో అనుకున్నాను. కళ్లముందు మెరుపుల్లాగా..."

ముప్పై ఏళ్లలో ఇలాంటి చేతులు రాజులమ్మ చూడకపోలేదు. సీమంతంలో గాజులు తొడగనంటే మళ్లీ ఏ గడపా పిలవదు. అయినా మూట కట్టేసింది.

"నేను తొడగను, కామమ్మా. పిల్లని బేగి ఆస్పత్రికి తీసుకెల్లు."

"శుభమా అని పేరంటం పెట్టుకుంటే ఏటా మాటలు! హారతైనా అవ్వనీ."

"పిల్ల సెయ్యి సూడు! ఇది ఒళ్లు రావడం కాదు, నీరు. కూకున్నంత మాత్రాన సుఖమేటి? రోజంతా స్టూలుమీద కాళ్లు దించుకుని తొక్కడమే కదా!"

కామమ్మ తనూ నొక్కి చూసింది. హారతి పళ్లెం పక్కకి నెట్టేసింది.

"సూస్తారేటి? ఎక్కించండి!" అని జోగులమ్మ ఆటో వైపు పరిగెత్తింది. పట్టుచీరలతోనే, కాళ్ల పసుపుతోనే అందరూ కదిలారు.

ఆస్పత్రిలో బీపీ చూసిన నర్సు మళ్లీ చూసింది. నూట డెబ్బై. "ఇంకాస్త ఆగితే ఫిట్స్ వచ్చేవమ్మా," అంటూ డాక్టరమ్మ కోసం కేకేసింది. మందులిచ్చి, మర్నాడు పొద్దున్నే ఆపరేషనన్నారు.

మర్నాడు రాజులమ్మ రావికమతం బస్సులో ఉంది. ఫోను మోగింది, అవతల కామమ్మ.

"చిట్టితల్లి ఎలాగుందే?" ముందదే అడిగింది.

"కళ్లు తెరిసింది, వొదినా! ఆకలంటంది! ఆడపిల్ల! ఇదిగో, ఇను!"

ఫోనులోంచి సన్నటి ఏడుపు. రాజులమ్మ సీట్లోంచి లేచి నిలబడిపోయింది. ఫోను పైకెత్తి పట్టుకుంది.

"డ్రైవరుబాబూ, ఆ హారను కొట్టకు! ఇనండమ్మా, అందరూ ఇనండి!"

బస్సంతా చెవులు రిక్కించింది. అంతలో ఏడుపు ఆగిపోయింది.

"అయ్యో, నేను ఇననేదు," అంది వెనక సీటు ముసలమ్మ.

"కామమ్మా!" రాజులమ్మ గట్టిగా అరిచింది. "దాన్ని ఇంకోసారి ఏడిపించవే!"