కుళాయి గొట్టానికి బిగించిన తీగ

1983 మే నెలలో ఒక శనివారం. సాయంత్రం 4 గంటల 17 నిమిషాలకు ఊరికి తూర్పున వర్తూరు దిక్కున మెరిసింది. సరిగ్గా పదిహేను సెకన్లకు ఉరుము వినిపించింది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది గనుక, దూరం ఐదు కిలోమీటర్ల పైచిలుకు. వసారాలో నిలబడి చేతి గడియారం చూసుకుంటూ నేను ఈ లెక్క వేస్తున్నప్పుడు, నా భార్య స్నానాల గదిలో కుళాయి కింద మా మూడేళ్ల పాపకు తల రుద్దుతోంది.

బెంగళూరు పాత పేటలో మేము అద్దెకున్న ఇల్లు ఒక నేత కుటుంబానిది. ముందు భాగంలో రెండు మగ్గాలు, వాటికి యజమానురాలైన అవ్వ. ఉరుము వినపడగానే మగ్గాలు ఆపించి, అందరినీ నడిమింట్లో చెక్క పీటల మీద కూర్చోబెట్టి, అర్జునుడి పేర్లు చెప్పించేది. అది పూర్తిగా సద్దుమణిగేదాకా ఎవరినీ నీళ్లు ముట్టనిచ్చేది కాదు. విద్యుత్ పరికరాలను పరీక్షించే ఉద్యోగంలో ఉన్న నేను ఆ కట్టుబాటును మర్యాదగానే పక్కన పెట్టేవాడిని.

అవ్వ వచ్చి స్నానాల గది తలుపు దబదబా బాదింది.

"ఏమ్మా, బచ్చలింట్లో ఇంకా నీళ్లు పోస్తా ఉండావా? బిడ్డను ఎత్తుకోని బయటికి రా!"

"అది ఇంకా ఐదు కిలోమీటర్ల దూరంలో ఉందవ్వా. ఈలోగా స్నానం అయిపోతుంది" అన్నాను.

"ఇంజనీరప్పా, పిడుగు నీ గడియారం చూసుకోని వస్తాదా?"

"సీకాయ కడగలేదవ్వా" అంది నా భార్య లోపలి నుంచి.

"తలకు సీకాయ ఉంటే ఉండనీ, తల ఉంటే సాలు. రామ్మా!"

నా భార్య నా లెక్కను కాక, అవ్వ గొంతును నమ్మింది. తువ్వాలు చుట్టిన పాప, కళ్లు మండి ఏడుస్తూ, పీట మీద అవ్వ ఒళ్లో కూర్చుంది.

4 గంటల 26 నిమిషాలకు లెక్కపెట్టడానికి వ్యవధి దొరకలేదు. వెలుగూ చప్పుడూ కలిసే వచ్చాయి. పిడుగు మా మిద్దె మీది టీవీ యాంటెనా మీద పడింది.

వాన వెలిశాక స్నానాల గది చూశాను. కుళాయి చుట్టూ జానెడు మేర గోడ పెచ్చులు ఊడిపోయాయి. కింద ఉన్న ఇనుప బకెట్టు అంచున నల్లటి మచ్చ. బయటికి రాకపోయుంటే ఆ బకెట్టు పక్కనే పాప నిలబడి ఉండేది.

అవ్వ వంగి గోడ వంక చూసింది. "ఈ తీగ ఏందప్పా, గొట్టానికి చుట్టినావు?"

మూడు నెలల ముందు యాంటెనా గొట్టానికి ఎర్తింగ్ కోసం నేనే ఆ రాగి తీగను నీటి గొట్టానికి బిగించాను. నీటి గొట్టం భూమిలోకి దిగుతుందన్నది నిజమే. కాని దిగే దారిలో మా కుళాయి ఉంది. ఇక నా పదిహేను సెకన్ల లెక్క చెప్పింది పడిపోయిన పిడుగు దూరం; పడబోయే దాని దూరం కాదు. ఈ రెండు తప్పులకూ, నా పాపకూ మధ్య ఆ రోజు అడ్డుగా నిలిచినది అవ్వ పిడికిలి ఒక్కటే.

నేను దండం పెట్టబోతే అవ్వ చెయ్యి విదిలించింది. "దండం తర్వాత పెడుదువులే. ముందు ఆ తీగ పీకెయ్యి."

పీకేశాను. పెరట్లో ఇంటికి దూరంగా గుంత తవ్వించి, రాగి పలక పాతించి, యాంటెనాకు వేరే తీగ దించాను. ఆ తర్వాత మా ఇంట్లో ఉరుము వినిపిస్తే కుళాయి కట్టేస్తాం, టీవీ తీగ ముందే ఊడదీసి ఉంచుతాం, పీటలు వేసుకుంటాం.

నష్టం: టీవీ ఒకటి, యాంటెనా ఒకటి, బల్బులు రెండు, గోడకు జానెడు గార. ఖర్చు: పలక, తీగ, కూలి కలిపి రెండు వందల పది రూపాయలు. ప్రాణనష్టం: లేదు.