వెలుతురు వైపు వేసిన పీట

నా ఎడమ కంటి నల్లగుడ్డు మీద శనగబద్దంత తెల్లమచ్చ ఉంది. ఆ కంటికి పగలూ రాత్రీ తేడా తెలుస్తుంది, అంతకు మించి ఏమీ తెలియదు. పెద్దవాళ్లు నాతో మాట్లాడేటప్పుడు ఆ మచ్చను చూడనట్టు నటిస్తారు. పిల్లలకు ఆ నటన చేతకాదు. మా అంగన్‌వాడీలో ఏటా కొత్తగా చేరే పిల్లల్లో ఎవరో ఒకరు "టీచర్, నీ కంట్ల ఏందది?" అని అడిగి తీరతారు. "పత్తి పుల్ల గుచ్చుకుంది" అంటాను. ఆరేళ్లుగా అదే జవాబు. అందులో అబద్ధం లేదు, కానీ అది సగమే. మిగతా సగం నేను దాచుకోవడం వల్ల ఇంకొక ఆడమనిషి కన్ను పోయింది.

మాది అయిజకు దగ్గరలో ఒక ఊరు. మా అమ్మ కంట్లో పడ్డ నలుసులు తీసేది, నాలుకతో. మా నాయనమ్మ దగ్గర నేర్చుకుంది. నలుసు పడ్డవాళ్లు రాగానే చెంబుడు నీళ్లతో మూడుసార్లు పుక్కిలించేది. వాళ్లను పీట మీద వెలుతురు వైపు కూర్చోబెట్టి, తల వెనక్కి వంచి, రెప్ప పైకెత్తి, ఈ కొస నుంచి ఆ కొస దాకా నాలుకతో ఒక్కసారి తుడిచేది. తర్వాత నాలుక చివర నుంచి నలుసును వేలి మీదికి తీసుకుని చూపించేది. ఇసుక రేణువో, జొన్న నూగో, ఇనుప రజనో. "సూడు, ఎంతున్నదో" అనేటప్పుడు ఆమె ముఖం చూడాలి. ఎంత పంట పండించినప్పుడు కూడా ఆ వెలుగు ఉండేది కాదు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. తీసుకుంటే గుణం పోతుందని నమ్మకం.

మేము కూలి చేసుకునేవాళ్లం. ఏదో ఒక ఏడు రెండెకరాలు కౌలుకు పట్టేవాళ్లం. ఊళ్లో మా ఇంటి గ్లాసుతో నీళ్లు తాగని ఇళ్లు చాలా ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఇళ్లవాళ్లే నలుసు పడితే ఉరుక్కుంటూ వచ్చి మా అమ్మ నాలుకను కంట్లో పెట్టించుకునేవాళ్లు. ఊరంతటినీ గడగడలాడించే పెద్ద రైతు మా వాకిట్లో పీట మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని, "జర నిమ్మళంగ తియ్యమ్మా" అనడం నేను చూశాను. రాయచూరు దిక్కు నుంచి కూలికి వచ్చిన కన్నడ ఆడవాళ్లు కూడా కళ్లు పట్టుకుని మా ఇల్లెక్కడని అడుగుతూ వచ్చేవాళ్లు. మా అమ్మకు ఈ లోకంలో ఉన్న గౌరవం అదొక్కటే. నేను చేసిన తప్పుకు ఇది సాకు కాదు. ఎందుకు చేశానో తెలియడానికి చెబుతున్నాను.

ఎనిమిదేళ్ల కిందటి మాట. మా దగ్గర విత్తన పత్తి ఎక్కువ. సాయంత్రం ఆడ చెట్ల మొగ్గలు ఒలిచిపెట్టి, మర్నాడు పొద్దున మగ పూలు తెచ్చి వాటికి అద్దాలి. వంగి వంగి, ముఖం చెట్లలో పెట్టి చేసే పని. ఒక సాయంత్రం మొగ్గ కోసం వంగినప్పుడు పక్క చెట్టు ఎండుపుల్ల విసురుగా ఎడమ కంటికి తగిలింది. నీళ్లు కారాయి, కాసేపటికి తగ్గినట్టే అనిపించింది. కానీ లోపల ఏదో గరగరలాడుతోంది. పనిలోంచి నేరుగా అమ్మ ఇంటికి వెళ్లాను. పెళ్లయి నేనుండే ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య నాలుగిళ్లే.

అమ్మ పుక్కిలించింది, తుడిచింది. ఏమీ రాలేదు. మళ్లీ తుడిచింది. మర్నాడు కన్ను మందారంలా ఎర్రబడితే మూడోసారి కూడా తుడిచింది. కంట్లో నలుసు లేదు, గీత ఉంది. గీతను నాలుకతో తీయడం ఎవరి తరం? అది మా ఇద్దరికీ తెలియదు. అయిజలో ఒక మందుల షాపులో చుక్కల మందు అడిగి తెచ్చుకున్నాను. రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. "మన కన్ను గట్టిది" అని నవ్వుకున్నాం కూడా. నాలుగో రోజుకు వెలుతురు చూడలేకపోయాను. కొంగు ముఖానికి చుట్టుకుని, అమ్మ చేయి పట్టుకుని కర్నూలు బస్సెక్కాను.

అక్కడ కంటి దవాఖానలో డాక్టరమ్మ చాలాసేపు చూసింది. తర్వాత అడిగింది, "కంట్లో ఏమేం వేశారు? ఆకు పసరు పోశారా? చనుబాలు పిండారా? నాలుకతో తీయించారా?"

ఆమెకు మా ఊళ్లన్నీ తెలుసన్నమాట. నా పక్కనే అమ్మ, నేను బయట విప్పిన చెప్పులున్న సంచి గుండెకు హత్తుకుని నిలబడి ఉంది. ఆమె ముఖం నాకు సరిగా కనబడలేదు, కానీ సంచి నలుగుతున్న చప్పుడు వినబడింది.

"ఏం ఎయ్యలే మేడం. నీళ్లతోటి కడిగిన. మందుల షాపుల చుక్కలిచ్చిండ్రు, గంతే."

డాక్టరమ్మ నమ్మలేదు. నమ్మలేదని నాకు తెలిసేటట్టే ఊపిరి వదిలి, అమ్మను బయట కూర్చోమంది. తర్వాత నాకు విడమరిచి చెప్పింది. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఒకటి ఉంటుందట. పుల్లో, ఆకో, వడ్ల పొట్టో దాన్ని గీరితే ఆ గీతలోంచి బూజు లోపలికి దిగుతుందట. నోట్లో ఉండే క్రిములు ఆ గీతలో పడితే ఇంకా చేటు. ఎరుపు తగ్గించే చుక్కలు కొన్ని పైకి కన్నును తెల్లగా చూపించి, కింద బూజుకు బలమిస్తాయట. "దెబ్బ తగలగానే మంచి నీళ్లు ధారగా పోసుకుని, నలపకుండా, ఏమీ వేయకుండా మర్నాటికల్లా వచ్చి ఉంటే ఈ కన్ను నీకు దక్కేదమ్మా" అంది. ఆఖరున, "మీ ఊళ్లో నాలుకతో తీసేవాళ్లు ఎవరైనా ఉంటే, మానేయమని నువ్వే చెప్పాలి. మేము చెబితే వినరు" అంది. తలూపాను.

గంట గంటకూ చుక్కలు, వారం వారం కర్నూలు. పుండు మానింది. మచ్చ మిగిలింది. చూపు ఇక రాదని చెప్పారు.

మొదటిరోజు తిరుగు బస్సులో అమ్మ ఊరు దగ్గరపడ్డాక అంది, "మేడం మంచిగడిగింది గాని, నాలుకతోటి ఏమైతది బిడ్డా. పుల్ల లోతుకు దిగింది. నువ్వు అట్ల చెప్పుడే కరెక్టు." నేను అబద్ధం చెబితే ఆమె దాన్ని నిజం చేసుకుంది. తెల్లారి ఊళ్లోనూ అదే చెప్పింది. పుల్ల లోతుగా దిగింది కాబట్టి పోయింది గానీ, లేకపోతే తల్లి కాపాడేదేనని జనం కూడా అన్నారు. పీట వాకిట్లోనే ఉంది. నలుసులవాళ్లు వస్తూనే ఉన్నారు.

రెండేళ్లకు నాకు అంగన్‌వాడీ పని వచ్చింది. తల్లుల మీటింగుల్లో కళ్ల గురించి నేను చెప్పినంతగా చుట్టుపక్కల ఎవరూ చెప్పి ఉండరు. మసకచీకట్లో పిల్లలు తడుముకుంటే ఎ విటమిన్ చుక్కలు వేయించాలని, ఒక కన్ను మూసినప్పుడు పిల్ల ఏడిస్తే రెండో కన్ను మందమేమో చూపించాలని, శుక్లం ముదరాలని ముసలమ్మలను ఏళ్ల తరబడి కూర్చోబెట్టొద్దని, షుగరున్నవాళ్లు చూపు బాగున్నా ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించుకోవాలని, అన్నీ చెప్పాను. నాలుక మాట మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. పెద్ద టీచరమ్మలా చేతులూపుతూ ఊరందరికీ బుద్ధులు చెప్పి, మధ్యాహ్నం అమ్మ ఇంటికి వెళ్లి, అదే పీట మీద కూర్చుని అన్నం తినేదాన్ని. తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పోయినేడు యాసంగి వడ్లు ఇళ్లకు వచ్చే రోజులు. మా పక్క వాడకట్టు ఆమె ఒకతి, నాకంటే పదేళ్లు చిన్నది, నన్ను అక్కా అని, అమ్మను పెద్దమ్మా అని పిలుస్తుంది. ఆమెకు ఎడమ కన్ను పుట్టినప్పటి నుంచీ మందం. చిన్నప్పుడే అద్దాలు పెట్టి, మంచి కన్నుకు గంత కట్టి అలవాటు చేయిస్తే బాగుపడేదేమో, అప్పుడెవరికి తెలుసు? బతుకంతా కుడికంటి మీదే. రోడ్డు మీద ఆరబోసిన వడ్లు ఎత్తుతుంటే గాలికి ఆ కుడికంట్లోనే పొట్టు పడింది. మర్నాడు పొద్దున, కన్ను పిడికిలితో నలుపుకుంటూ అమ్మ దగ్గరికి వచ్చింది.

నేను అక్కడే ఉన్నాను. చిక్కుడుకాయలు తుంచుతున్నాను. ఆమె ఎడమ కన్ను సంగతి నాకు తెలుసు. పొట్టు ఏం చేస్తుందో తెలుసు. డాక్టరమ్మ చెప్పిన ప్రతి మాటా తెలుసు. అమ్మ పుక్కిలిస్తూ నా వైపు చూసి చేత్తో సైగ చేసింది. లేచి, పీట తెచ్చి, వెలుతురు వైపు తిప్పి వేశాను.

పొట్టు ముక్క వచ్చింది. అమ్మ వేలి మీద పెట్టి చూపించింది. అందరం చూశాం. ఆమె ఎంతో సంబరపడి వెళ్లింది. పది రోజుల తర్వాత వనపర్తికి, అక్కడి నుంచి హైదరాబాద్‌కు తీసుకుపోయారని తెలిసింది. నెలన్నరకు కుడికంట్లో నా మచ్చలాంటి మచ్చతో తిరిగి వచ్చింది. నాది శనగబద్దంత. ఆమెది నల్లగుడ్డు నిండా. ఎదుట మనిషి ఉన్నారని తెలుస్తుంది, ఎవరో తెలియదు.

పత్తిలో మొగ్గలు ఒలవడంలో ఆమె చేతి చురుకు ఊళ్లో ఎవరికీ ఉండేది కాదు. ఇప్పుడు గడపలో కూర్చుని, విత్తనానికి ఇచ్చే పల్లికాయలు తడుముకుంటూ ఒలుస్తుంది. ఎవరు పలకరించినా ఒకే మాట చెబుతుంది. "నాదే తప్పు. పొట్టు వడ్డ దినమే పెద్దమ్మ దగ్గర్కి పోవాలె. ఒక దినం లేటు చేస్తి." ఆ మాట నా చెవులతో నేను ఎన్నిసార్లు విన్నానో! విన్న ప్రతిసారీ రేపు చెబుదామనుకున్నాను.

మొన్న ఎండాకాలం గాలిదుమారం లేచిన రోజు మధ్యాహ్నం, ఆమె తన బిడ్డ భుజం పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది. పిల్లకు తొమ్మిదేళ్లుంటాయి. ఒక కన్ను మూసుకుని, రెండో కంటితో తల్లికి దారి చూపిస్తోంది.

"పెద్దమ్మా, పోరి కంట్ల ఏందో వడ్డది. నా లెక్క లేటు కావద్దని జల్ది తోల్కొచ్చిన."

అమ్మ గబగబా లేచి చెంబు అందుకుని, నోటి నిండా నీళ్లు పట్టింది. పీట నా పక్కనే గోడకు ఆనించి ఉంది. అలవాటుకొద్దీ నా చేయి దాని మీదికి వెళ్లింది.

"వద్దమ్మా" అన్నాను. "నాలుక పెట్టకు."

అమ్మ నోటినిండా నీళ్లతో నా వైపు చూసింది.

"ఏమైందక్కా? పెద్దమ్మకు పానం బాగలేదా?" అని ఆమె నా గొంతు వచ్చిన దిక్కు తిరిగింది.

"పానం బాగనే ఉంది. నాలుకతోటి తీసుడే మంచిది కాదు చెల్లే. గీత వడ్డ కంట్ల నాలుక పెడితే చీము వడ్తది. నా కన్ను ఒట్టి పుల్లతోటే పోలే. నీది గూడ ఒట్టి పొట్టుతోటి పోలే. కర్నూల్ల మేడం నాకు అప్పుడే చెప్పింది."

 నేను పిల్లను గిన్నెలు కడిగే జాలాడు దగ్గరికి తీసుకుపోయి, తల పక్కకు వంచి, ముక్కు పక్క నుంచి బయటికి జారేటట్టు బిందెలోని మంచి నీళ్లు సన్నటి ధారగా పోశాను. మొదటి చెంబుకు రాలేదు. రెండో చెంబుకు రెప్ప కొసన చిన్న కసవు ముక్క తేలి, నీళ్లతోపాటు బుగ్గ మీదికి జారింది. పిల్ల రెండు కళ్లూ తెరిచి ఆర్పింది. రేపటికి ఎర్రబడినా, నొప్పి ఉన్నా కర్నూలు పోదామని, తోడు నేనే వస్తానని చెప్పాను.

అమ్మ అప్పటిదాకా ఆ నీళ్లు ఉమ్మలేదు, మింగలేదు. అప్పుడు జాలాట్లో ఉమ్మేసి, మూతి తుడుచుకోకుండానే అంది, "నాకు గూడ చెప్పకపోతివి గదనే బిడ్డా. ఎంతమంది కండ్లల్ల పెట్టించినవే నా నాలుక." అక్కడే కూలబడి రెండు చేతులతో నోరు మూసుకుంది.

పిల్ల తన తల్లి దగ్గరికి వెళ్లి చేయి పట్టుకుంది. ఆమె కదలలేదు.

"నేనొచ్చిన దినం నువ్వు ఈడనే ఉంటివి గద" అంది.

"ఉంటి."

"నీకప్పటికే ఎరుకనా?"

"ఎరుకే."

ఆమె తల కొంచెం వంచి, ఏదో గుర్తు చేసుకుంటున్నట్టు ఆగింది. కోపంగా అన్నా బాగుండేది. మామూలు గొంతుతోనే అడిగింది.

"నాకు పీట ఏసింది నువ్వే గద అక్కా?"

అవునన్నాను. ఆమె బిడ్డ భుజం మీద చేయి వేసి, గడప ఎక్కడుందో కాలితో వెతుక్కుంటూ మా వాకిట్లోంచి వెళ్లిపోయింది.