ఆకు తుడిచిన గుడ్డ

ఆఫీసులకు మొక్కలు అద్దెకిచ్చే కంపెనీలో పాతికేళ్ళుగా పనిచేస్తున్న ఆయనకు ఒక తెల్లగుడ్డ చాలు. ఆకును కింద అరచేతితో పట్టి, పైన తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి, మరక చూసి ఆ గదిలో ఏ గాలి తిరుగుతోందో చెప్పేవాడు. ఏసీ గదుల్లో తెల్లటి నూగు. జిరాక్సు మిషను పక్కన నల్లపొడి. క్యాంటీనులో జిడ్డు. ఎవరో తలుపేసుకుని సిగరెట్టు కాల్చే గదిలో బంకబంకగా గోధుమరంగు మసి. అలా ముగ్గురు మేనేజర్ల గుట్టు తెలిసినా నోరు విప్పలేదు. ఆఫీసుల్లో అందరూ ఆయన్ని ఆకుల డాక్టరు అనేవాళ్ళు. ఆయన కాదనేవాడు కాదు.

ఇంట్లో ఆయనా, అక్కా. అక్క పెళ్ళి చేసుకోలేదు, ముప్పై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది. రెండు గదుల వాటాలో లోపలి గది ఆమెది, అంతకుముందు నాన్నది. నాన్న ఆ గదిలోనే పెట్టెలకు పెట్టెలు సిగరెట్లు ఊది, ఒక మధ్యాహ్నం ఆ గదిలోనే గుండె ఆగి పోయాడు. అరవై ఎనిమిదో ఏట అక్కకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. గుండె బలహీనపడిందని డాక్టరమ్మ మందులు రాసి, "రోడ్డు పొగ తగలనివ్వకండి" అంది. కిటికీ కిందే బస్సులు మలుపు తిరుగుతాయి.

ఆ ఒక్క మాట పట్టుకుని తమ్ముడు కిటికీ సందుల్లో కాగితం కూరి టేపు అంటించాడు. ఆఫీసులు వద్దన్న కుండీలు రోజుకొకటి చంకన పెట్టుకుని వచ్చాడు. మనీ ప్లాంట్లు, స్నేక్ ప్లాంట్లు, రెక్క విరిగిన పామ్ ఒకటి. నెల తిరిగేసరికి మంచం చుట్టూ ముప్పై ఒక్క కుండీలు, కుండీ కుండీ కింద నీళ్ళ పళ్ళెం.

మొక్కలు గది గాలిని కడిగేస్తాయన్నది మనకు బాగా నచ్చిన మాట. మూత బిగించిన పెట్టెలో మొక్కను ఉంచి చేసిన పరీక్షల్ని తెచ్చి మనుషులు తిరిగే గదులకు అంటగట్టారు. పావుగంట కిటికీ తెరిస్తే జరిగే పని ముప్పై కుండీలు చేయలేవు. మొక్క పచ్చగా ఉంటుంది, కంటికి బాగుంటుంది. దాని నెత్తిన వైద్యం కూడా రుద్దాలా? కానీ పాతికేళ్ళుగా ఆఫీసులకు ఇదే కబురు చెప్పి కుండీలు పెట్టించిన మనిషి ఆ కబురును తనే నమ్మకపోతే ఎలా?

మొదటి వారం ఆకులు తుడిస్తే గుడ్డ తెల్లగానే వచ్చింది. పొంగిపోయాడు. మూడో నెలలో మరక పడింది. రోడ్డు దుమ్ము కాదు, అదైతే గరగరలాడుతుంది. ఇది బంకగా, గోధుమరంగులో ఉంది. వాసన చూశాడు. పొగ.

"అక్కా, ఈ గదిలోకి ఎవరైనా వస్తున్నారా?"

"ఎవరొస్తార్రా? నాన్న వచ్చి పోతున్నాడేమో. పెట్టెలో రెండు మిగిలిపోయాయని బెంగ పెట్టుకున్నాడు పాపం."

ఆయన నవ్వలేదు. టేపు మీద ఇంకో వరస టేపు వేశాడు. మరక ముదిరింది. సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరితే లోపలి గది గుమ్మంలోనే ముక్కుకు అదే వాసన, సన్నగా, అప్పుడే ఎవరో లేచి వెళ్ళినట్టు. గోడ మీద నాన్న తల ఆనించి కూర్చునే చోట పాత మరక ఉండేది. అది పెద్దదవుతోందని ఆయనకు అనిపించసాగింది. పెన్సిలుతో చుట్టూ గీత గీశాడు. గీత దాటలేదు. అయినా రోజూ చూసేవాడు.

అక్క ఆయాసం పెరిగింది. ఆయన ఇంకో ఆరు కుండీలు తెచ్చాడు.

"ఇంకా ఎందుకురా? మంచం దిగడానికి దారి లేదు."

"గాలి కోసం అక్కా."

"ప్రూఫులో ఒక తప్పు దిద్దబోయి నాలుగు పెట్టేవాడొకడు ఉండేవాడు. నిన్ను చూస్తే వాడే గుర్తొస్తున్నాడు."

ఒకరోజు ఒక ఆఫీసులో కరెంటు పోయి అందర్నీ ఇంటికి పంపేశారు. నాలుగింటికే ఇల్లు చేరాడు. లోపలి గది తలుపు తోస్తే ఆకుల మధ్య నీలంగా పొగ నిలబడి ఉంది. ఆయన చూపు గోడ మీది మరక వైపు పోయింది. ఆ పొగలోంచి అక్క దగ్గు వినిపించింది. మంచం కింద, నీళ్ళు పారబోసిన కుండీ పళ్ళెంలో దోమల కాయిల్ సగం కాలి ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నీ పళ్ళేల్లో దోమలు పుట్టినప్పటి నుంచి. మధ్యాహ్నం నడుం వాలిస్తే పీక్కు తింటున్నాయిరా. నువ్వు వచ్చేలోపు ఆర్పేసి, బూడిద తీసేసి, ఫ్యాను వేస్తాను."

"నాకు ఒక్క మాట చెప్పొచ్చుగా."

"నువ్వు నా కోసం అడవి పెట్టావు. అందులో దోమలున్నాయని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆయన కిటికీ దగ్గరికి వెళ్ళాడు. టేపు గోళ్ళతో పీకాడు. కిటికీ తెరుచుకోగానే బస్సు హారను లోపలికి వచ్చింది. చీకటి పడేలోపు ముప్పై ఆరు కుండీలు మెట్ల కిందికి చేరాయి. ఒక్క స్నేక్ ప్లాంటును మాత్రం అక్క ఉంచేయమంది. "అది నీళ్ళు అడగదు, నాలాగే," అంది.

నాలుగు నెలలు గడిచాక, మందులన్నీ వేళకు వేసుకుంటూనే, అక్క పోయింది. ఆయన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి కుండీల దగ్గర్నుంచి కాయిల్ దాకా అంతా చెప్పి, ఒక్కటే అడిగాడు.

"ఆ పొగ వల్లేనా అమ్మా?"

"మూసిన గదిలో ఆ పొగ మంచిది కాదు. కానీ ఆవిడ గుండె ముందే అలిసిపోయింది. ఇందులో పొగ ఎంత, వయసు ఎంత అని విడదీసి నేను చెప్పలేనండీ."

అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అవునని ఉంటే ఏడ్చి ఊరుకునేవాడు.

ఆయన ఇంకా ఆఫీసుల్లో ఆకులు తుడుస్తూనే ఉన్నాడు. రిసెప్షను అమ్మాయి, "ఇవి గాలిని శుభ్రం చేస్తాయట కదా అంకుల్," అంటే, "కిటికీ తీయమ్మా," అంటాడు. ఆ భవనంలో కిటికీలు తెరుచుకోవు. అమ్మాయి నవ్వుతుంది.

ఆరున్నరకు ఇంటికి వచ్చి లోపలి గదిలో స్నేక్ ప్లాంటు ముందు కూర్చుంటాడు. కిటికీ తెరిచే ఉంటుంది. తెల్లగుడ్డ తడిపి, ఆకు కింద అరచెయ్యి పెట్టి, మొదలు నుంచి కొస దాకా తుడుస్తాడు. గుడ్డ మీద రోడ్డు దుమ్ము ఉంటుంది, గరగరలాడుతుంది. దాన్ని వేలితో పక్కకు రాల్చి, ఆ కింద బంకగా, గోధుమరంగులో ఏమైనా అంటుకుందేమోనని వెలుతురుకు పెట్టి చూస్తాడు. ఏమీ ఉండదు. గుడ్డ మళ్ళీ తడిపి రెండో ఆకు పట్టుకుంటాడు.