నూటపన్నెండో నంబరు తీర్పు

నాలుగేళ్ల కిందట నేను బంధువులందర్నీ కూర్చోబెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, ఒక కోర్టు తీర్పు చదివి నా పరువు నేనే తీసుకున్నాను. మీరు నవ్వండి, నాకు అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇప్పటికీ కోపమే వస్తుంది.

మా అన్న ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. ఆదోని రోడ్డు మీద లారీ గుద్ది చనిపోయాడు. డ్రైవరు మీద కేసు ఆదోని కోర్టులో నడిచింది. ఎప్పుడు ముగిసిందో మాకెవరూ చెప్పలేదు. డ్రైవరు విడుదలయ్యాడని టీ అంగట్లో తెలిసింది. అన్న తాగి అడ్డమొచ్చాడని కోర్టే రాసిందట, అదీ అక్కడే తెలిసింది. అన్న చుక్క ముట్టని మనిషి.

"నిజంగా అట్ల రాసినారా? సూసి సెప్పప్పా," అంది వదిన. "తాగుబోతు కూతురని పాపను బళ్లో ఆడిపోసుకుంటాండారు."

నేను గ్రంథాలయ ఉద్యోగిని. వీధిలో అందరి అర్జీలూ నేనే రాస్తాను. ఆ గర్వంతో వకీలు వద్దనుకున్నాను. ఎఫ్ఐఆర్ మీదున్న నూటపన్నెండు నంబరు వేసి, తీర్పు నకలు కావాలని దరఖాస్తు రాశాను. సంబంధం అన్నచోట 'మృతుడి సోదరుడు' అని పెట్టాను. ఎంత బాగా కుదిరిందంటే, నేనే రెండుసార్లు చదువుకున్నాను.

ఆరుసార్లు ఆదోని బస్సెక్కాక నకలు చేతికొచ్చింది. వదిన ముందే విప్పాలని దారిలో చూడలేదు. అంత మర్యాదస్తుణ్ణి!

"'ముద్దాయి సంత దగ్గర కట్టేసి ఉన్న నల్ల పొట్టేలును...'" అని అందరి ముందూ చదవడం మొదలుపెట్టాను.

"లారీ కింద పొట్టేలు గూడా పడిండెనా?" అన్నాడు మా మేనమామ.

"ఉండు మామా, ముందుకు పోతే తెలుస్తాది."

ముందుకు పోయాను. పొట్టేలును దొంగిలించారు, కోశారు, వండుకున్నారు. మూడో పేజీలో దాని చర్మం దొరికింది. అన్న ఎక్కడా దొరకలేదు. మామ నవ్వాపుకోలేక బయటికి పోయాడు. వదిన నవ్వలేదు.

మర్నాడు కోర్టులో నకళ్ల గుమాస్తా తాపీగా చెప్పాడు. "నువ్వు ఏసింది పోలీసోళ్ల నంబరన్నా. కోర్టు నంబరు యేరే ఉంటాది. మా నూటపన్నెండు పొట్టేలిది."

"మృతుడి తమ్ముణ్ణని రాసినాను కదా. ఈ కేసులో చచ్చిందెవరు?"

ఆయన కాగితాలు తిప్పాడు. "పొట్టేలే."

"మరి నన్నేమనుకుని ఇచ్చినారు?"

"నంబరు సూస్తామన్నా. సంబంధం సూడం."

సరైన నంబరు కనుక్కుని కొత్త దరఖాస్తు ఇచ్చాను. ఈసారి సంబంధం చూశాడు.

"నువ్వు ఈ కేసులో పార్టీ కాదు. తమ్ముడని రుజువేది? పోయినసారీ తమ్ముడనే తీసుకుంటివి. రెండు కేసుల్లో తమ్ముడెట్లయితావన్నా?"

ఒళ్లు మండింది. ఎవరిదో పొట్టేలి తీర్పు అడగ్గానే ముద్ర వేసి ఇచ్చినవాళ్లు, మా అన్న తీర్పుకు నేనెవరని అడుగుతున్నారు. కేసు ప్రభుత్వానికీ డ్రైవరుకీ మధ్యనట. చచ్చినవాడికి అందులో చోటు లేదట.

చివరికి నోటరీ ముందు ప్రమాణపత్రం రాసిచ్చాను: 'పై కేసులోని పొట్టేలు నాకు అన్న కాదనీ, దానితో నాకు ఏ బంధుత్వమూ లేదనీ దైవసాక్షిగా ప్రమాణం చేయుచున్నాను.' కాగితం చిరిగేంత గట్టిగా సంతకం పెట్టాను. నవ్వుతూ మాత్రం కాదు.

నెల తిరిగేసరికి తీర్పు నకలు చేతికొచ్చింది. సాక్షులు రాలేదని కేసు కొట్టేశారు. తాగుడు మాట ఒక్కచోటా లేదు.

"ఇంగోసారి సదువు," అంది వదిన, లేచి వీధి కిటికీ తెరుస్తూ. "గెట్టిగా సదువు."

గొంతు పోయేదాకా చదివాను.

కాబట్టి పాఠకుల ఎదుట ఇంకో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద మా ఇంట్లో ఎవరు పోయినా ముందు కోర్టు నంబరు కనుక్కుంటాను. ఏడవడం ఆ తర్వాతే.